చేసంచిలోని నాదము

ఆళ్లగడ్డకు చేరువలో, తూర్పుదిక్కున నల్లమల కొండలు నీలిగోడవలె కనబడు ఒక చిన్న పల్లెలోనికి 2023 వ సంవత్సరపు వేసవి సెలవులలో ఒక గిటారు వచ్చెను. అది చూచుటకు మిక్కిలి సొగసైనది. ఎఱ్ఱని నునుపైన చెక్క, ఆరు ఉక్కు తీగలు, తళతళలాడు మరలు. దానికున్న లోపమొక్కటే. అది మూగది.

తెచ్చినవాడు బెంగుళూరులో ఉద్యోగము చేయు ఒక మేనమామ. తెచ్చినది పదవ తరగతిలోనికి పోవుచున్న మేనల్లుని కొరకు. పెట్టె విప్పగానే ఊరి బాలురందరును అరుగుచుట్టు మూగిరి. బాలుడు గర్వముతో తీగలను మీటెను. దోమ రొదవంటి చప్పుడొకటి పుట్టి, వేపచెట్టుమీది కాకుల అరపులలో కలిసిపోయెను. "ఇంతేనా?" అని ఒకడనెను. "ఇంకా గట్టిగా మీటు" అని మరియొకడనెను. గట్టిగా మీటగా తీగ తెగినంత పనియయ్యెను గాని నాదము పెరుగలేదు. నాటినుండి దానికి మూగగిటారు అను పేరు స్థిరపడెను. "దీనికి ఆంప్లిఫయరు కావలెరా. వచ్చేసారి తెచ్చెదను" అని చెప్పి మేనమామ ఆ రాత్రి బస్సుకే వెడలిపోయెను. మేనమామల వచ్చేసారి ఎప్పుడు వచ్చునో పంచాంగములో ఉండదు.

గిటారు మూగదగుటకు కారణము దానికి పొట్ట లేకపోవుటయే. వీణకు కుండ కలదు. తంబురకు బుఱ్ఱ కలదు. సాధారణమైన గిటారుకు బోలు పొట్టయు, నడుమ గుండ్రని రంధ్రమును కలవు. తీగ సన్ననిది. అది ఎంత కంపించినను చుట్టునున్న గాలిని కదలింపజాలదు. ఆ కంపము పలుచని చెక్కకు చేరి, చెక్క విసనకఱ్ఱవలె గాలిని కదలించినప్పుడే చెవికి నాదము వినబడును. ఎలక్ట్రిక్ గిటారు ఒడలు గట్టి చెక్క. అది గాలిని కదలింపదు. దాని నాదము పుట్టుచోటు వేరు. తీగలక్రింద చిన్న అయస్కాంతములను అమర్చి, వానిచుట్టు వెంట్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. దీనికి పికప్పు అని పేరు. అయస్కాంతము దగ్గర ఉక్కుతీగ కదలినప్పుడు రాగితీగలో విద్యుత్తు పుట్టును. అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించు ఈ సూత్రమును 1831 లో ఇంగ్లండు దేశమున మైకేలు ఫారడే కనుగొనెను. తీగ ఏ తీరున ఊగునో విద్యుత్తును ఆ తీరుననే ఊగును. అయితే అది మిక్కిలి స్వల్పము. ఒక వోల్టులో పదవ వంతుకు అటునిటుగా ఉండును. దానితో ఆవగింజంత దీపము కూడ వెలుగదు.

ఈ సంగతులన్నియు బాలునకు తరువాత తెలిసినవి. అప్పటికి తెలిసినదొక్కటే. తాను వాయించినది తన చెవికి తప్ప మరెవ్వరికిని వినబడదు.

వినవలసినవారొకరు ఆ ఇంటనే ఉండిరి. ఆమె బాలుని అవ్వ. వయస్సు ఎనుబదికి చేరువ. యౌవనమున ఆమె నాట్లలోను, తిరునాళ్లలోను, రచ్చబండ దగ్గరను వీరబ్రహ్మేంద్రస్వామి తత్త్వములు పాడి పేరు పొందినది. బనగానపల్లె ఆ సీమలోనిదే. స్వామి కాలజ్ఞానము వ్రాసినది అచ్చటనే యని జనులు చెప్పుకొందురు. ఆ తత్త్వములను పుస్తకములో చదివి నేర్చినవారు ఆ పల్లెలలో తక్కువ, నోటనుండి నోటికి నేర్చినవారే ఎక్కువ. అవ్వయు అట్లే నేర్చినది. ఇప్పుడామె గొంతు లేవదు, చెవులును మందగించినవి. మనుమడు చిన్ననాట ఆమె ఒడిలో విన్న వరుసలను జ్ఞాపకము తెచ్చుకొని, ఏ మెట్టుపై వ్రేలు పెట్టిన ఏ స్వరము పలుకునో వెదకుకొనుచు, సాయంకాలము మంచముపై కూర్చుండి వాయించెడివాడు. ఆమె ప్రక్కన కూర్చుండి అతని వ్రేళ్లవంకనే చూచుచుండెడిది. ఒకనాడు, "చేయి బాగా ఆడుతున్నది నాయనా. పాట ఏదిరా?" అని అడిగెను.

మరునాడు బాలుడు గిటారును దుప్పటిలో చుట్టుకొని నంద్యాల బస్సెక్కెను.

నంద్యాలలో వాద్యములమ్ము అంగడిలో ఒక ఆంప్లిఫయరు ఉండెను. అది బియ్యపు మూటంత బరువు. పల్లెకు మోసికొని పోవుటయే కష్టము. పోయినను దానికి గోడనుండి కరెంటు కావలెను. పల్లెలో వేసవి సాయంకాలము కరెంటు ఉండు వేళలకంటె పోవు వేళలే జనులకు బాగుగ తెలియును. వెల సంగతి అడుగకుండుటయే మేలు. అంగడివాడు బాలుని ముఖము చూచి జాలిపడి, "సందులో రేడియో సాయబుగారి దగ్గరకు పో" అని చెప్పెను.

సాయబుగారి దుకాణమునకు వెడల్పు మూడు గజములుండదు. నాలుగు దశాబ్దములు ఆయన రేడియోలు బాగుచేసిరి. పల్లెలలో రేడియోను ట్రాన్సిస్టరు అను పేరుతోనే పిలిచిన దినములవి. పెండ్లికి అల్లునికి రేడియో, చేతిగడియారము, సైకిలు ఇచ్చు కాలమున ఆయనకు భోజనము చేయుటకు తీరిక లేకుండెను. ఇప్పుడు వచ్చునవి ఛార్జింగు లైట్లు, మిక్సీలు. పేరు మాత్రము రేడియో సాయబే. ఆయన గిటారును బల్లపై పరుండబెట్టి, పికప్పుకు రెండు తీగలు తగిలించి, వాని కొనలను తన పరీక్షాయంత్రమునకు కలిపి, "మీటు" అనిరి. బాలుడు మీటగా ముల్లు కదలెను. "ఇది మూగది కాదబ్బీ. గుసగుసలాడుతున్నది" అని ఆయన నవ్విరి.

పిమ్మట ఆయన ఒక రేకుడబ్బానుండి బొటనవ్రేలంత గాజుబుడ్డి తీసి చూపిరి. అది వాల్వు. 1906 లో అమెరికా దేశస్థుడు లీ డీ ఫారెస్టు కనుగొన్న మూడు పలకల వాల్వు సన్నని విద్యుత్తును పెద్దది చేయుటకు మార్గము చూపెను. 1930 ప్రాంతమున అమెరికాలో ఎలక్ట్రిక్ గిటారులు బయలుదేరినప్పుడు వానికి గొంతునిచ్చినవి ఈ గాజుబుడ్లే. బూరలు, డ్రమ్ములు మ్రోగు బృందములలో గిటారువాని వ్రేళ్లు వినబడకపోవుటయే ఆ వాద్యము పుట్టుకకు ముఖ్యకారణము. కాని వాల్వునకు లోపల నిప్పువలె కాలుచుండు తంతువు కావలెను. వందలకొలది వోల్టుల విద్యుత్తు కావలెను. అందుచేత గిటారు పెరటిలో కట్టిన ఆవువలె, గోడలోని కరెంటు తీగ పొడవు మేరకే తిరుగవలసి వచ్చెను.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రాటెయిను అను శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరును పనిచేయించి చూపిరి. వారికిని, వారితో పనిచేసిన షాక్లీకిని 1956 లో నోబెలు బహుమానము లభించెను. ట్రాన్సిస్టరుకు నిప్పు అక్కరలేదు, వందల వోల్టులు అక్కరలేదు. కొన్ని సెల్లులు చాలును. కట్టుకొయ్య ఊడినది. 1973 లో అమెరికాలో పిగ్నోజు అను చిన్న ఆంప్లిఫయరు అమ్మకమునకు వచ్చెను. నాదమును పెంచు మీట పందిముక్కు ఆకారమున ఉండుటచే దానికాపేరు. ఆరు పెన్సిల్ సెల్లులతో అయిదు వాట్ల నాదమిచ్చు ఆ పెట్టెను చేతబట్టుకొని గిటారువాడు చెట్టుక్రిందకో, నదియొడ్డునకో పోగలిగెను. పేరు ఎట్లున్నను, అది చేసిన ఉపకారము గొప్పది.

సాయబుగారు చేయదలచినది అంతకంటెను చిన్నది. ఆయన గోరంత నల్లని ముక్కనొకదానిని అరచేతిలో పెట్టుకొని చూపిరి. దానికి ఎనిమిది కాళ్లు. పేరు ఎల్‌.ఎం. 386. అనేక ట్రాన్సిస్టరులు దానిలో ఇమిడియున్నవి. నాలుగు వోల్టులనుండి పండ్రెండు వోల్టులవరకు ఎంత ఇచ్చినను పనిచేయును. వెల స్వల్పము. చిన్న రేడియోలలోను, ఆటవస్తువులలోను దానిని వాడుదురు. బాలునకు నమ్మకము కలుగలేదు. "ఇది గిటారుకు గొంతు ఇచ్చునా తాతా?" అని అడిగెను.

"మీ చేనికి నీళ్లెక్కడివిరా?" అని సాయబుగారు అడిగిరి.

"కె.సి. కాలువవి."

"తూము తెరచునది ఎవరు?"

"లష్కరు."

"లష్కరుకు ఎంత బలమున్నది? కాలువనంతయు మోసి మీ చేనిలో పోయగలడా?"

బాలుడు నవ్వెను. పందొమ్మిదవ శతాబ్దిలో త్రవ్విన కర్నూలు కడప కాలువలోని నీటిని ఎవడు మోయగలడు? లష్కరు మర త్రిప్పును. తలుపు లేచును. నీరు తనంత తానే పారును. మర కొంచెము త్రిప్పినచో కొంచెము, ఎక్కువ త్రిప్పినచో ఎక్కువ. నీరు లష్కరుది కాదు, కాలువది. కాని ఎప్పుడు ఎంత పారవలెనో చెప్పునది అతని చేయి. ఆంప్లిఫయరులో సెల్లులు కాలువ వంటివి. గిటారునుండి వచ్చు సన్నని విద్యుత్తు లష్కరు చేయి వంటిది. నల్లని ముక్క తూము. గిటారు విద్యుత్తు ఊగినట్లెల్ల సెల్లుల విద్యుత్తు పారును, ఆగును, హెచ్చును, తగ్గును. ధ్వనివర్ధకము నాదమును పుట్టించునని తలచుట పొరపాటు. అది వ్రేళ్ల ఆజ్ఞను పాటించు తూము మాత్రమే.

పని మూడు దినములు సాగెను. టంకము కరగించి అతుకుట మొదటిదినమున సాయబుగారే చేసిరి. రెండవదినమున బాలునిచేత చేయించిరి. రెండు వ్రేళ్లు కాలినవి. కాలిన వ్రేళ్లు కుడిచేతివగుటచే మెట్లపై నొక్కు పనికి అడ్డు రాలేదు. స్పీకరును పాడైపోయిన ఒక రేడియోనుండి తీసిరి. స్పీకరులోను అయస్కాంతము, రాగితీగచుట్టు ఉండుట చూచి బాలుడు ఆశ్చర్యపడెను. గిటారులో తీగ కదలిక విద్యుత్తగుచున్నది. స్పీకరులో విద్యుత్తు మరల కదలిక అగుచున్నది. రాగిచుట్టకు అంటించిన కాగితపు గరాటు ముందుకు వెనుకకు ఊగి గాలిని కదలించును. పోయిన పొట్ట ఇక్కడ దొరకినది. 1925 లో అమెరికాలో రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు వివరించిన పద్ధతినే నేటికిని ఎక్కువ స్పీకరులు అనుసరించుచున్నవి.

స్పీకరును బల్లపై వట్టిదిగా పెట్టి వాయించి చూడగా నాదము తగరపు మూత మ్రోగినట్లుండెను. గరాటు ముందువైపు గాలిని నెట్టునప్పుడు వెనుకవైపు గాలి లోపలికి లాగబడును. ముందు అలయు వెనుక అలయు కలిసికొని, ముఖ్యముగా మంద్రస్వరములను చంపివేయును. రెంటిని వేరుచేయుటకు ఒక పెట్టె కావలెను. సాయబుగారు అటకపైనుండి పాత రేడియో చెక్కపెట్టెనొకదానిని దింపిరి. అది ఎవరో ముప్పది సంవత్సరముల క్రిందట బాగుచేయుమని ఇచ్చి మరల రాని రేడియోది. "ఇక రారులే" అని దుమ్ము తుడిచిరి. చివరి దినమున తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీని తీసివేసి, ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టులుగల ఆరు పెన్సిల్ సెల్లులను వరుసగా అమర్చిరి. వోల్టులు మారలేదు. కాని చదరపు బ్యాటరీకంటె ఇవి కొన్నిరెట్లు ఎక్కువ కాలము నిలుచును. ఖర్చు పెట్టువాడు పదవ తరగతి బాలుడని ఆయన మరువలేదు. కూలి అడుగగా, "మొదట వాయించి వినిపించు" అనిరి.

బాలుడు తీగ కలిపి మీటెను. మొదట వినబడినది స్వరము కాదు. వ్రేలు తీగపై రాచుకొన్న బరబర, సరిగా నొక్కని మెట్టు దగ్గర చిటచిట, ప్రక్కతీగకు తగిలిన గోటి చప్పుడు. అన్నియు పెద్దవై వినబడినవి. అతని ముఖము వాడెను. పెట్టెలో లోపమనుకొనెను. సాయబుగారు తల అడ్డముగా ఊపిరి. మూగగిటారుపై వాయించినన్నాళ్లు ఆ తప్పులును మూగవే. తూము మంచినీరు బురదనీరు అని ఎంచదు గదా!

"ఎన్ని వాట్లు తాతా?" అని బాలుడు అడిగెను. అర వాటు అని వినగానే మరల నిరాశపడెను. ఊరి మైకుసెట్టువాడు వందల వాట్లని చెప్పుకొనును. ఇక్కడ ఒక సంగతి తెలిసికొనదగినది. వాట్లు రెట్టింపైనచో నాదమును రెట్టింపగునని చాలమంది తలంతురు. చెవి అట్లు లెక్కింపదు. వాట్లు రెట్టింపు చేసినను చెవికి కొంచెము హెచ్చినట్లు మాత్రమే తోచును. నాదము రెండింతలైనట్లు తోచవలెనన్నచో సుమారు పదిరెట్లు వాట్లు కావలెను. స్పీకరు సమానమైనదైనచో అయిదు వాట్ల పెట్టె అర వాటు పెట్టెకు చెవి లెక్కలో రెండింతలే. అరుగుపై కూర్చున్న ఇరువదిమందికి అర వాటు చాలును. ఇరువదిమందికి వినిపించుటకు ఊరంతటి నిద్ర చెరచు అలవాటు ఎందుకు వచ్చినదో విచారింపవలసిన విషయము.

మీటను చివరవరకు త్రిప్పినచో ఏమగును? సెల్లులు ఇయ్యగలిగినంతకంటె ఎక్కువ అడిగినట్లగును. నాదపు అల శిఖరము తెగి, చదునై, గరగరమను ధ్వని పుట్టును. పాశ్చాత్యదేశపు వాద్యకారులు పలువురు ఆ గరగరనే కోరి తెచ్చుకొందురు. వారి సంగీతములో దానికి అందము కలదు. గమకమును నమ్ముకొన్న పాటకు మాత్రము అది పొసగదు. సన్నని జారు ఆ రొదలో మునిగిపోవును.

బాలునకు ఇంకొక సంశయము మిగిలినది. ఊరి భజన పెద్ద గిటారును చూచి, "అది సినిమా వాద్యమురా. తత్త్వములకు పనికిరాదు" అని ఒకమారు చెప్పియుండెను. ఆ మాట విని సాయబుగారు అలమర తెరచి ఒక పాత క్యాసెట్టు తీసిరి. అది మాండొలిన్ శ్రీనివాస్‌ గారిది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28 న గోదావరి సీమలోని పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాయించువారు. ఇంటనున్న మాండొలినును బాలుడు ముచ్చటపడి చేతబట్టెను. మాండొలిను ఐరోపానుండి వచ్చిన వాద్యము. దాని స్వరము మీటగానే పుట్టి రెప్పపాటులో అణగిపోవును. స్వరమును సాగదీసి, ఊపి, జార్చి పాడు కర్ణాటక సంగీతమునకు అది తగదని తలచినవారు తలచుటలో వింత లేదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలినును స్వీకరించిరి. జంటతీగలకు మారుగా అయిదు ఒంటితీగలు కట్టిరి. ఆంప్లిఫయరు తోడుచే అణగిపోవు స్వరపు చివరిభాగము కూడ వినబడెను. వ్రేలు తీగను లాగినప్పుడు పుట్టు సన్నని గమకము సభలోని కడపటి వరుసవరకు చేరెను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. ఆయన నోటితో పాడెడివారు. శిష్యుడు ఆ గొంతులోని వంపులను తీగపై వెదకుకొనెడివాడు. తొమ్మిదేండ్ల వయస్సున, 1978 లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో ఆ బాలుడు తొలి కచేరి చేసెను. 1998 లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో ఆయనను గౌరవించెను. 2014 సెప్టెంబరు 19 న నలుబదియైదేండ్లకే ఆయన చెన్నపట్టణములో కన్నుమూసిరి. మొదట సందేహించిన సభలే ఆయన పేరుకు ముందు వాద్యము పేరు చేర్చి పిలిచినవి.

క్యాసెట్టు ఒక ప్రక్క పూర్తియగువరకు ఆ సందులో ఇద్దరును మాటలాడలేదు. పిమ్మట సాయబుగారు పెట్టెను ఒక గుడ్డసంచిలో పెట్టి ఇచ్చిరి. ఇంటికి పోవు బస్సులో బాలుడు సంచిని ఒడిలోనే ఉంచుకొనెను.

ఆ సాయంకాలము కరెంటు లేదు. పెట్టెకు ఆ సంగతి పట్టలేదు. బాలుడు దానిని అవ్వ మంచముపై, ఆమె చేతికి ఆనునట్లు పెట్టి, ఆమెకు ఇష్టమైన తత్త్వపు వరుసను ఎత్తుకొనెను. అవ్వ మొదట ఉలికిపడెను. పిమ్మట అరచేయి చాపి పెట్టెపై వేసెను. చెక్క సన్నగా అదరుచుండెను. చెవి కొంత, చేయి కొంత వినుచుండెను. అందరును ఆమె కంట నీరు పెట్టునని ఎదురుచూచిరి. ఆమె కనుబొమలు ముడివడినవి.

"ఆగు. అది తప్పురా."

బాలుడు ఆగెను.

"అక్కడ గొంతు అట్లా దుమకదు. మెల్లగా దిగవలె" అని, ఆమె ఎన్నో సంవత్సరములుగా వాడని గొంతుతో ఆ చరణపు తోకను కూనిరాగము తీసెను. గొంతు బీటలువారిన నేలవలె ఉండెను. కాని దిగుడు స్పష్టముగా ఉండెను. బాలుడు వాయించెను. "కాదు" అనెను. మరల వాయించెను. "కాదు." మూగగిటారుపై రెండు నెలలు సరిగానే వచ్చినదని అతడు నమ్మిన చోటది. ఆ వేసవి మిగిలిన సాయంకాలములన్నియు ఇట్లే జరిగినవి. ఆమెకు గిటారు మెట్ల పేర్లు తెలియవు. అతనికి ఆమె గొంతులోని మలుపుల పేర్లు తెలియవు. తీగను ప్రక్కకు లాగి పట్టి, మెల్లగా వదలినచో ఆమె దిగుడుకు దగ్గరగా వచ్చునని అతడు దసరానాటికి కనుగొనెను. దగ్గరగా మాత్రమే.

అహోబిలము ఆళ్లగడ్డకు చేరువ. సంక్రాంతి కడచిన పిమ్మట అహోబిల నరసింహస్వామి పల్లకినెక్కి పారువేటకు బయలుదేరును. సుమారు నలుబది దినములు చుట్టుపట్ల పల్లెలను తిరుగును. చెంచులక్ష్మితో తన పెండ్లికి జనులను పిలుచుటకు స్వామి తానే వచ్చునని ఆ సీమలో చెప్పుకొందురు. స్వామి వచ్చిన రాత్రి పల్లెలో ఎవ్వరును నిద్రింపరు. 2024 లో పల్లకి ఆ ఊరికి వచ్చిన రాత్రి భజనలో కూర్చుండుటకు బాలునకు అనుమతి దొరకెను. భజన పెద్ద మనస్ఫూర్తిగా ఒప్పలేదు. అవ్వ కబురు పంపగా కాదనలేకపోయెను. ఒకప్పుడు ఆయనకు తాళము నేర్పినది ఆమెయే.

బాలుడు ఆ మధ్యాహ్నమంతయు మిత్రులకు వాయించి చూపెను. ఒక్కొక్కడు వచ్చి మీటను చివరకు త్రిప్పి సంతోషించెను. ఇక రాత్రి మైకుసెట్టు మ్రోగుచుండగా, హార్మోనియము, డోలకు, తాళములు, పదునైదు గొంతులు కలిసి లేచుచుండగా, అర వాటు పెట్టె ఎవ్వరికి వినబడును? అతడు మీటను పూర్తిగా త్రిప్పెను. గరగర లేచెను. భజన పెద్ద వెనుకకు తిరిగి చూచెను. బాలుడు సిగ్గుతో మీటను తగ్గించి, ఎవ్వరికిని వినబడకున్నను, వ్రేళ్లను మాత్రము ఆపకుండ వాయించుచు కూర్చుండెను.

మూడవజాము దాటెను. మైకుసెట్టువాడు తీగలు చుట్టి సామాను సర్దుకొనెను. జనము పలుచనైరి. పల్లకి దగ్గర పదిమంది మిగిలిరి. నల్లమల వైపునుండి చలిగాలి వీచుచుండెను. భజన పెద్ద చివరగా ఒక తత్త్వమును ఎత్తుకొనెను. అది అవ్వ నేర్పిన వరుస. రెండవ చరణమునకు వచ్చుసరికి ఆయనకు ప్రక్కనుండి ఏదో సన్నని నాదము తోడువచ్చుచున్నట్లు తోచెను. చేయి ఎత్తి, "డోలకు తగ్గించు" అనెను. డోలకు తగ్గెను. తాళములు వ్రేళ్ల కొనలతో పట్టుకొనిరి. అప్పుడు గిటారు వినబడెను. అది నిండుగా లేదు. మధ్యాహ్నపు ఆటలలో సెల్లులు నీరసించినవి. ప్రతి స్వరమును చివర కొంచెము తడబడుచుండెను. పదిమందియు, ఎవ్వరును చెప్పకుండగనే, పెట్టెకు దగ్గరగా జరిగిరి.

అవ్వ కంబళి కప్పుకొని అక్కడనే కూర్చుండి యుండెను. ఆమె అరచేయి పెట్టెమీద ఉండెను. చరణపు తోక వచ్చెను. బాలుడు తీగను లాగి పట్టి, మెల్లగా, ఇంకను మెల్లగా వదలెను. పెట్టెలోని నాదము సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయెను. పాట ముగిసి ఆగినదో, సెల్లులు ముగిసి ఆగినదో ఎవ్వరికిని తెలియలేదు.

"ఇప్పుడు దిగినది" అనెను అవ్వ.

తెల్లవారిన పిమ్మట బాలుడు ఆళ్లగడ్డకు పోయి ఒక అంగడిలో ఆరు పెన్సిల్ సెల్లులు అడిగెను. "ఆరా? మీ ఇంట ఎన్ని గడియారములున్నవబ్బీ?" అని అంగడివాడు నవ్వెను.

"గడియారమునకు కాదన్నా, మా అవ్వకు" అని చెప్పి, బాలుడు చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, బస్సు కొరకు పరుగెత్తెను.